గుర్రపుడెక్క మీద దండయాత్ర

మా ఊరి మురుగు కాలువలో పెరిగిన గుర్రపుడెక్క మీద ప్రభుత్వం యుద్ధం ప్రకటించింది. ప్రకటించిన సంగతి గుర్రపుడెక్కకు తెలియలేదు. తొలి పొరపాటు అక్కడే జరిగింది.

అంతకు ముందు అది యుద్ధం కాదు, పని. ఏటా ఊడ్పులకు ముందు ఇంటికో మనిషి చొప్పున కాలువలో దిగేవాళ్ళం. పొడుగాటి వెదురు గెడకు ఇనప కొక్కెం కట్టి డెక్కను ఒడ్డుకు లాగేవాళ్ళం. కొందరు లాగితే కొందరు గట్టెక్కించి పోగులు పెట్టేవారు. మా ఇంటి తరఫున దిగే మనిషి మా ఆవిడ వరహాలు. నాకంటే తనే బాగా లాగేది. మధ్యాహ్నానికి కాలువ కనిపించేది. సాయంత్రానికి నీళ్ళు కదిలేవి. మనిషిని పంపలేని ఇల్లు కాఫీ పంపాలి. కాఫీ కూడా పంపని ఇంటిని ఏడాది పొడుగునా ఆడిపోసుకునేవాళ్ళం. అంతకు మించిన యుద్ధనీతి మా ఊళ్ళో ఎవరికీ తెలియదు.

వరహాలు పోయింది. ఆవిడ గెడ చూరుకు వేలాడుతోంది. నాకున్న రెండెకరాలూ వంతెన పక్కన, కాలువ గట్టును ఆనుకుని ఉన్నాయి. కాలువ ఎగదన్నితే ఊళ్ళో మొదట మునిగేది నా చేనే. ఈ యుద్ధంలో నాకున్న ఆసక్తి ఆ రెండెకరాల మేరకే.

ఆ వేసవిలో మురుగు కాలువల శాఖ తన ఇంజనీర్లను జట్లు జట్లుగా కొండ మీద చల్లటి ఊరికి పంపి ప్రాచీన యుద్ధశాస్త్రం నేర్పించింది. ఏ పనైనా యుద్ధమేననీ, యుద్ధం తెలియనివాడు తూము కూడా తీయలేడనీ పైన ఎవరికో తోచింది. పాఠం చెప్పింది సైన్యంలో చేసి వచ్చిన పెద్దమనిషి అట. ఆయన చెప్పినవి సైనికులకు పనికొచ్చే మాటలే అయి ఉండాలి. విన్నది ఇంజనీర్లు.

మా ఎగువ సెక్షన్ డిప్యూటీ ఇంజనీరు, అంటే డీఈ, త్రివిక్రమరావు గారు కొండ దిగుతూనే పంచాయతీ ఆఫీసులో మీటింగు పెట్టారు. గోడకు కాలువ పటం వేలాడదీసి, ఎర్ర పెన్సిలుతో బాణాలు గీశారు.

"గ్రామస్థులారా, ఇన్నాళ్ళూ మీరు చేసింది వ్యూహరహితమైన ఘర్షణ. శత్రువు కనబడగానే పీకేశారు. ప్రాచీనులు దీన్ని హర్షించరు."

"పీకితే పోయేదండి," అన్నాడు బుల్లెబ్బాయి. నా చేను పక్క చేను ఆయనది. నన్ను బావా అంటాడు. మా మధ్య చుట్టరికం లేదు, గట్టు ఉంది.

"మళ్ళీ వచ్చేది కదా?"

"మళ్ళీ ఏడాదికండి."

"అదీ. మీరు పోరాటాలు గెలిచారు. యుద్ధం ఓడిపోయారు." రాసుకోమన్నట్టు కాసేపు ఆగారు. ఎవరి దగ్గరా కలం లేదు. "ఇకపై పౌరులు యుద్ధరంగంలో అడుగు పెట్టరాదు. గెడలు, కొక్కేలు అనధికార ఆయుధాల కిందికి వస్తాయి."

"కాఫీ పంపొచ్చాండి?" అన్నాడు బుల్లెబ్బాయి.

"సరఫరా విభాగం గురించి తరువాత ఉత్తర్వులు వస్తాయి."

ఆ ఏడు ఎవరూ కాలువలో దిగలేదు. కొందరికి అది సంతోషంగానే ఉంది. అబద్ధమెందుకు, నాకూ ఆ గెడ దించాలని లేదు.

యుద్ధానికి మొదటి మెట్టు శత్రువును తెలుసుకోవడం. ఆఫీసు పెరట్లో సిమెంటు తొట్టి కట్టించారు. కాలువలోంచి నాలుగు డెక్క మొక్కలను యుద్ధఖైదీలుగా పట్టి తెచ్చి అందులో వేశారు. మా ఊరివాడే అయిన లస్కరు అప్పలస్వామి వాటికి కాపలా. కాలువ తలుపులు ఎత్తి దించే పని మానిపించి అతన్ని గూఢచార విభాగంలో వేశారు. శత్రువు నీరసంగా ఉన్నప్పుడు చదివితే అంచనా తప్పుతుందని, తొట్టిలో పేడ నీళ్ళు కూడా పోయించారు.

వారానికోసారి త్రివిక్రమరావు గారు తొట్టి పక్కన కుర్చీ వేయించుకునేవారు.

"ఏం తెలిసింది, అప్పలస్వామీ?"

"పెరుగుద్దండి."

"ఇంకా?"

"బాగా పెరుగుద్దండి."

"దాని ఉద్దేశం ఏమై ఉంటుంది?"

అప్పలస్వామి తొట్టిలోకి వంగి చూశాడు. "ఇంకా పెరుగుదామనేమోనండి."

ఆయన అది రాసుకున్నారు. తొట్టిలో ఊదారంగు పూలు పూశాయి. ఆఫీసుకు వచ్చినవాళ్ళంతా వాటి పక్కన నిలబడి ఫోటోలు దిగారు. తొట్టి చాలక ఇంకోటి కట్టారు. అధ్యయనం సాగుతుండగానే ఆషాఢం వచ్చింది. మా ఊడ్పులు అయిపోయాయి. కాలువ మీద అటునుంచి ఇటు కోడిపిల్ల నడిచి రావచ్చు, అంత డెక్క.

అప్పుడు రెండో మెట్టు. చుట్టుముట్టిన శత్రువుకు పారిపోయే దారి ఒకటి వదలాలట. దారి లేకపోతే శత్రువు తెగించి పోరాడతాడట. డెక్క తెగిస్తే ఎలా ఉంటుందో ఊళ్ళో ఎవరూ చూడలేదు గనక కాదనలేకపోయాం. పడవలకు వెదురు తడికలు కట్టి డెక్కను మూడు వైపుల నుంచి తోశారు. వదిలిన దారి వంతెన కింద నుంచి ఉంది. డెక్క మర్యాదగా ఆ దారినే పోయింది. వంతెనకు అవతల దిగువ సెక్షన్. గట్టు మీద బోర్డు పాతారు: "ఈ సెక్షన్ శత్రువు నుండి విముక్తమైనది."

న్యాయంగా చెప్పాలి. కొన్నాళ్ళు నీళ్ళు కదిలాయి. నా చేను పచ్చబడింది.

దిగువ సెక్షన్ డీఈ సువర్ణకుమారి గారు అదే కొండ మీద, అదే పెద్దమనిషి దగ్గర, ముందు జట్టులో చదువుకుని వచ్చారు. ఒకరోజు ఆవిడ జీపు వంతెనకు అటు ఆగింది. త్రివిక్రమరావు గారి జీపు ఇటు ఆగింది. నేనూ బుల్లెబ్బాయీ కింద చేలో కలుపు తీస్తున్నాం.

"మీ శత్రువు మా భూభాగంలో ఉన్నాడు," అన్నారు ఆవిడ.

"సరిహద్దు దాటాక అతను మీ శత్రువు మేడమ్."

"దీన్ని మేము దురాక్రమణగా పరిగణిస్తున్నాం."

"మేము దాన్ని శత్రువు తిరోగమనంగా నమోదు చేశాం. పైకి రిపోర్టు కూడా వెళ్ళింది."

బుల్లెబ్బాయి నడుం ఎత్తి చూశాడు. "ఎవర్ని గురించి బావా, ఆ అతనూ అతనూ అంటన్నారు?"

"డెక్కని."

"ఓహో. మగాడన్నమాట. అందుకే ఒక చోట ఉండట్లేదు."

మా కాలువకు సముద్రం దగ్గర. పోటు వేళ నీళ్ళు వెనక్కి ఎగదన్నుతాయి. సువర్ణకుమారి గారు తడికలు కట్టించి డెక్కనంతా ఒక చోట ఆపి, పోటు కోసం కాచుకుని, సరిగ్గా ఆ వేళకు తడికలు ఎత్తించారు. ప్రకృతిని సైన్యంలో చేర్చుకోవడం అని దానికి పేరు. డెక్క వంతెన కింద నుంచి మళ్ళీ మా వైపు వచ్చింది. త్రివిక్రమరావు గారు ఆటు కోసం కాచుకుని మళ్ళీ అటు తోయించారు. ఆటుకు పోయిన డెక్క పోటుకు పిల్లలతో వచ్చింది. ఆ పిల్లలు తరువాతి ఆటుకు తమ పిల్లలతో పోయాయి.

కొద్ది రోజులకు ఇద్దరూ డెక్క మాట మరిచిపోయారు. త్రివిక్రమరావు గారి పటంలో ఎర్ర బాణాలు ఇప్పుడు దిగువ సెక్షన్ ఆఫీసు వైపు తిరిగాయి. అప్పలస్వామిని అవతలి టీ కొట్టు దగ్గర వేగుగా పెట్టారు. అవతలి లస్కరును ఆవిడ కూడా అదే టీ కొట్టు దగ్గర వేగుగా పెట్టారు. వాళ్ళిద్దరూ తోడల్లుళ్ళు. ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగి, ఏం చెప్పాలో ఒకరినొకరు అడిగి, ఎవరి ఆఫీసుకు వాళ్ళు వెళ్ళి చెప్పేవారు. ఆ నెలలో రెండు సెక్షన్ల సమాచార సేకరణ చాలా మెరుగుపడిందని పై నుంచి మెచ్చుకోలు వచ్చింది.

ఇద్దరు అధికారుల గొడవ జిల్లా దాకా పోయింది. పెద్ద ఇంజనీరు ఎస్.ఈ. గారు స్వయంగా వచ్చారు. వంతెన మీద షామియానా వేసి ఇద్దరి చేతా సంధి మీద సంతకాలు చేయించారు. వంతెనకు ఎగువన కొంత, దిగువన కొంత తటస్థ ప్రాంతం. అందులో ఏ సెక్షన్ వారూ చెయ్యి పెట్టకూడదు. శాంతికి హామీగా రెండు చివర్లా తడికలు దిగ్గొట్టి, గట్టు మీద ఇద్దరు కానిస్టేబుళ్ళను కూర్చోబెట్టారు.

డెక్క మొత్తం ఆ తడికల మధ్య ఉండిపోయింది. ఇన్నాళ్ళూ అటూ ఇటూ తిరిగిన దానికి ఒక దేశం దొరికింది. ఆ దేశానికి పొరుగు నా చేను.

ఎస్.ఈ. గారు మైకులో మాట్లాడారు. "యుద్ధం ఎప్పుడు ఆపాలో తెలిసినవాడే యోధుడు."

"మొదలెట్టక ముందు తెలిస్తే ఏమంటారో," అన్నాడు బుల్లెబ్బాయి. పక్కనున్న కానిస్టేబులు నవ్వు ఆపుకున్నాడు.

తరువాత వాయుగుండం పట్టింది. వాన ఆగలేదు. ఊరి నీళ్ళన్నీ కాలువలోకి వచ్చి, వంతెన కింద దారి లేక, వచ్చిన దారినే వెనక్కి మళ్ళాయి. మర్నాటి పొద్దునకు నా చేలో వరి కొనలు మాత్రం కనిపిస్తున్నాయి. సాయంత్రానికి అవీ లేవు. లేత చేను రెండు మూడు రోజులు నీళ్ళలో ఓర్చుకుంటుంది. ఆ తరువాత కుళ్ళుతుంది.

గొడుగు వేసుకుని ఎగువ సెక్షన్ ఆఫీసుకు వెళ్ళాను.

"అయ్యా, నా చేను మునిగిందండి. వంతెన కింద డెక్క తీయించండి."

"మునిగిందని నిర్ధారణ అయిందా, తాతారావు గారూ?"

"నేను చూసి వస్తున్నానండి."

"అదే ఇబ్బంది. యుద్ధకాలంలో కళ్ళకు మంచు కప్పినట్టు ఉంటుంది. దగ్గరున్నవాడికి ఏమీ సరిగా కనిపించదు. అందుకే చూసినవాడి మాట మేము చివర వింటాం."

"మంచు లేదండి. వాన."

"పైగా తటస్థ ప్రాంతంలో ఎవరు ముందు చెయ్యి పెడితే వాళ్ళు సంధి తప్పినట్టు. ఆ అవకాశం ఆవిడకు నేనివ్వను. మహా సంగ్రామాల్లో కొంత పచ్చిక నలుగుతుంది. బాధాకరమే."

"పచ్చిక కాదండి. వరి."

దిగువ సెక్షన్‌లో సువర్ణకుమారి గారు కూర్చోమని టీ ఇప్పించారు. పటం మీద నా చేను చూపించారు. "చూడండి, మీ పొలం నీలం రంగులో ఉంది. నీలం అంటే మా సంకేతాల్లో శాంతి."

"నీలమంటే నీళ్ళు కూడానండి, అమ్మా."

"మీరు చాలా స్థానికంగా ఆలోచిస్తున్నారు," అన్నారు ఆవిడ, కోపం లేకుండానే.

గట్టు మీదికి వచ్చి కూర్చున్నాను. బుల్లెబ్బాయి వచ్చి పక్కన కూర్చున్నాడు. నీళ్ళు ఆయన గట్టు దాకా వచ్చి ఆగి ఉన్నాయి.

"మనమే దిగి లాగేద్దామా బావా?"

"ఇద్దరమా?"

ఆయన వంతెన వైపు చూశాడు. ఇప్పుడది మనుషులు లాగే డెక్క కాదు. మనిషి ఎక్కి నిలబడితే మోసే డెక్క. పొక్లెయిన్ కావాలి. రెండు సెక్షన్లకూ చెరొక పొక్లెయిన్ ఉంది. వాటిని రహస్య ఆయుధాలుగా చెట్ల చాటున పెట్టి ఆకుపచ్చ బరకాలు కప్పారు. పిల్లలు వాటి మీద ఎక్కి ఆడుకుంటున్నారు.

వరహాలు ఒక మాట అనేది. ఇద్దరు పోట్లాడుకుంటుంటే మధ్యకు పోయి విడదీయకూడదట. చెరొక చీపురూ చేతికిచ్చి, ఎవరు ముందు వాకిలి ఊడుస్తారో చూద్దాం అనాలట. తోడికోడళ్ళ గురించి అన్న మాట అది. ఇంజనీర్లకు పనికొస్తుందేమో చూద్దామనిపించింది.

మర్నాడు మళ్ళీ త్రివిక్రమరావు గారి దగ్గరికి వెళ్ళాను.

"మళ్ళీ చేను సంగతేనా?"

"కాదండి. ఒక మాట చెవిన పడింది. చెప్పొచ్చో లేదో."

ఆయన లేచి తలుపు వేశారు. "వేగు సమాచారమా?"

"అలాంటిదేనండి. రేపు తెల్లారేసరికి ఆ మేడమ్ గారు పొక్లెయిన్ తెచ్చి వంతెన కింద మొత్తం తీసేస్తారంట. పేపరోళ్ళకి కూడా కబురెళ్ళిందంట."

"సంధి ఉంది కదా?"

"తీసేశాక సంధి ఎవరడుగుతారండి? పేపర్లో ఫొటో ఉంటది."

ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి వాన చూశారు. "దీనికి ఆధారం?"

"నా చేను నీళ్ళలో ఉందండి. నాకు అబద్ధాలాడే తీరికెక్కడిది?"

తీరిక లేని మాట నిజమే. చేసుకున్నాను.

"ఇంకెవరికి తెలుసు?"

"మీకేనండి."

దిగువ సెక్షన్‌కు వెళ్ళి, మేడమ్ అన్న చోట సార్ అని పెట్టి అదే మాట చెప్పాను. మళ్ళీ టీ ఇచ్చారు. ఇంకెవరికి తెలుసని ఆవిడా అడిగారు. మీకేనమ్మా అన్నాను.

తెల్లవారుతుండగా ఎగువ నుంచి ఒక పొక్లెయిన్, దిగువ నుంచి ఒక పొక్లెయిన్ వంతెన దగ్గరికి వచ్చాయి. కానిస్టేబుళ్ళు ఎవరిని ఆపాలో తెలియక ఎవరినీ ఆపలేదు. ఇద్దరు డీఈలూ వానలో గొడుగులు లేకుండా నిలబడ్డారు. సైనికులు గొడుగులు పట్టరు కాబోలు.

"త్వరగా, అతను ముందుకొస్తున్నాడు," అని ఆవిడ కేకేశారు. ఇప్పుడు అతనంటే డెక్క కాదు.

"వెనక్కి తగ్గొద్దు. వంతెన కింద మధ్య కమాను మనది," అని ఈయన కేకేశారు.

అంత చురుగ్గా ప్రభుత్వ పని జరగడం నా వయసులో నేను చూడలేదు. మధ్యాహ్నం కాకముందే రెండు పొక్లెయిన్ల తొట్లూ మధ్య కమాను దగ్గర ఎదురెదురుగా వచ్చాయి. డ్రైవర్లు ఒకరికొకరు చెయ్యి ఊపుకున్నారు. నీళ్ళు ఒక్కసారి గుడగుడమని, తడికలతో సహా డెక్క మిగతాదంతా ఎత్తుకుని సముద్రానికి పోయాయి. విలేకరులు మధ్యాహ్నం భోజనాల తరువాత వచ్చి ఇద్దరి ఫొటోలూ తీసుకున్నారు.

సాయంత్రానికి నా చేలో వరి కొనలు బయటికి వచ్చాయి. వెలిసిపోయి ఉన్నాయి గానీ ప్రాణం ఉంది. పల్లపు మూల మాత్రం కుళ్ళిపోయింది. బుల్లెబ్బాయి ఆకుమడిలో మిగిలిన నారు తెచ్చి నాటుకున్నాను. ఆ మూల సంగతిలో నేనెవరినీ క్షమించలేదు.

ఎవరు గెలిచారన్నది పైన చాలా రోజులు నలిగింది. చివరకు దాన్ని సంయుక్త విజయం అన్నారు. పంచాయతీ ఆఫీసు ముందు సభ. ఇద్దరు డీఈలూ వేదిక మీద పక్కపక్కన కూర్చుని ఒకరి నీళ్ళ గ్లాసు ఒకరికి అందించుకున్నారు. స్థానిక రైతు ప్రతినిధిగా నన్నూ పిలిచి చివరి కుర్చీలో కూర్చోబెట్టారు.

"శత్రువును లోతుగా అధ్యయనం చేసిన ఫలితమిది," అన్నారు ఎస్.ఈ. గారు. "ఇద్దరు సేనానులు ఒకరి మనసు ఒకరు చదివి, ఒకే ఉదయం, ఒకే చోట, ఏ ముందస్తు ఒప్పందమూ లేకుండా దెబ్బ తీశారు. ఇలాంటి సమన్వయం ప్రాచీనులు కూడా ఊహించలేదు."

చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

నన్ను రెండు ముక్కలు మాట్లాడమన్నారు. "వచ్చే ఏడు ఊడ్పులకు ముందు తీయించండి," అన్నాను. నావి ఆ రెండు ముక్కలే. ఎస్.ఈ. గారు పక్కనున్న ఆయనతో మాట్లాడుతూ తల ఊపారు.

తరువాత జ్ఞాపికలు. ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, ఈ విజయానికి శాలువాలు తగవనుకున్నారు. ఆఫీసు పెరటి తొట్లలో యుద్ధఖైదీలు పొంగి పొర్లుతున్నారు. నీళ్ళు పోసిన మట్టి కుండీల్లో ఒక్కొక్క ఖైదీని పెట్టి, మెడకు ఎర్ర రిబ్బను కట్టి, కుండీ మీద ఎస్.ఈ. గారి సంతకం పెయింటుతో వేయించి, వేదిక మీద ఉన్న అందరికీ ఇచ్చారు. పెద్ద తలకాయలు చాలామందే ఉన్నారు. ఊదా పూలు నిండుగా పూసి ఉన్నాయి. చూడటానికి బాగున్నాయి, కాదనను.

సభ అయిపోయింది. నీళ్ళున్న కుండీ ఒళ్ళో పెట్టుకుని మా ఊరి రోడ్డు మీద జీపులో వెళ్ళడం కష్టం. మొదటి గతుకుకే ప్యాంట్లు తడుస్తాయి. నేను నా కుండీ పట్టుకుని నడిచి వస్తుంటే కనిపించింది. జీపులన్నీ ఒక్కొక్కటే వంతెన మీద కాసేపు ఆగి, తేలిగ్గా కదిలి వెళ్ళాయి.

నా మొక్కను గేదెకు వేశాను. అది వాసన చూసి మొహం తిప్పుకుంది. పెంటపోగులో పారేశాను. కుండీలో మిరప నారు పోశాను.

కొన్నాళ్ళకు పొద్దున్నే కాలువ గట్టుకు వెళితే బుల్లెబ్బాయి వంతెన మీద నిలబడి కిందికి చూస్తున్నాడు.

"బావా, ఇటు రా. జ్ఞాపికలు పిల్లల్ని పెట్టినియ్."

కమాను కింద ఎర్ర రిబ్బన్లు నీళ్ళలో ఊగుతున్నాయి. ఒక్కొక్క రిబ్బను చుట్టూ గొడుగంత పచ్చదనం. నేను ఇంటికి వెళ్ళి చూరు నుంచి గెడ దించాను. కొక్కెం తుప్పు పట్టింది గానీ గట్టిగానే ఉంది. తిరిగి వచ్చేసరికి బుల్లెబ్బాయి పంచె ఎగ్గట్టి ఉన్నాడు. దారిలో నా చేతిలో గెడ చూసిన నలుగురైదుగురు కూడా తమ గెడలతో వచ్చారు. కాలువలో దిగాం.

అప్పలస్వామి గట్టు మీద పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఖాకీ చొక్కా వేసుకుని ఉన్నాడు.

"ఆగండి, ఆగండి బాబూ. అయి జ్ఞాపికలండి. సంతకం చేసి ఇచ్చిన ప్రభుత్వ వస్తువులండి. పీకకూడదండి."

"ఏ సెక్షన్‌విరా?" అన్నాడు బుల్లెబ్బాయి.

"అదింకా తేలలేదండి. ఫైలు పైకెళ్ళింది."

"తేలాక చెప్పు. ఈలోగా మేం లాగుతుంటాం."

"నేను కూడా దిగుదునండి," అన్నాడు అప్పలస్వామి గొంతు తగ్గించి. "యూనిఫారం ఉందండి ఒంటి మీద."

నేను కొక్కెం విసిరాను. మొదటి రిబ్బను దాని పిల్లలతో సహా ఒడ్డుకు వచ్చింది. అప్పలస్వామి కాసేపు నిలబడి చూశాడు. అటూ ఇటూ చూసి, ఇంటి వైపు గబగబా వెళ్ళిపోయాడు.

అరగంటకు పెద్ద ఇత్తడి గిన్నెతో కాఫీ పట్టుకుని వచ్చాడు.

అందరం గట్టెక్కి తాగాం. పంచదార తక్కువైంది. ఆ మాట అతనికి చెప్పాను.